ఆపటం కూడా మెదడు పనే

జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల పెరిగే పిల్లలకు ‘రియాక్టర్’ అన్న మాట కొత్త కాదు. నాన్నో, బాబాయో, పక్కింటి అన్నయ్యో షిఫ్టు దిగి వచ్చి దాన్ని గురించి చెబుతూనే వుంటారు. మందుల సరుకు తయారయ్యే పెద్ద ఉక్కు పాత్ర అది. దాని చుట్టూ, కోటు తొడిగినట్టు, ఇంకొక గోడ వుంటుంది. ఆ రెండు గోడల మధ్య చల్లని నీరు పారుతూ వుంటుంది. పనివాళ్ళు దీన్ని జాకెట్ అంటారు. ఎందుకిది? కొన్ని రసాయన చర్యల్లో వేడి పుడుతుంది. వేడెక్కినకొద్దీ చర్య జోరందుకుంటుంది. జోరందుకున్నకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. ఈ వేడిని ఎప్పటికప్పుడు లాగివేయకపోతే చర్య చెయ్యి దాటిపోతుంది. పాత్ర పేలిపోవచ్చు కూడా. అందుచేత అనుభవం గల పనివాడు రియాక్టర్ లోపల జరిగే చర్య మీద ఎంత కన్నేసి వుంచుతాడో, జాకెట్లో పారే నీటి మీద కూడా అంతే కన్నేసి వుంచుతాడు.

మన మెదడు కూడా ఇటువంటి ఏర్పాటు మీదనే నడుస్తున్నది. అయితే ఈ సంగతి బడిలో పిల్లలకు తగినంతగా చెప్పటం లేదని నా అభిప్రాయం. ఒక నాడీకణానికి ప్రేరణ కలుగుతుంది, అది పక్క కణాన్ని ప్రేరేపిస్తుంది, అది ఇంకొకదాన్ని... పాఠం చాలావరకు ఇంతే. బొమ్మలో బాణాలన్నీ ముందుకే పోతూ వుంటాయి. ఇది చదివిన విద్యార్థి, మెదడు ఎంత జోరుగా పనిచేస్తే అంత మంచిదనుకుంటాడు. ‘మెదడుకు చురుకు’ అంటూ టానిక్కులు అమ్మేవాళ్ళకు ఈ అపోహే పెట్టుబడి.

ఒక్కసారి ఆలోచించండి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కొక్కటీ వేలకొద్దీ ఇతర కణాలతో సంబంధం పెట్టుకుని వుంటుంది. ఇవన్నీ ఒకదాన్నొకటి ప్రేరేపించటమే పనిగా పెట్టుకుంటే ఏమవుతుంది? ఒక మూల పుట్టిన అలజడి క్షణాల్లో మెదడంతా పాకుతుంది. అప్పుడు ఆలోచన వుండదు, మాట వుండదు. కాళ్ళూ చేతులూ కొట్టుకోవటం మాత్రం వుంటుంది. జనం ఫిట్స్ అనీ, మూర్ఛ అనీ అనేది ఇటువంటి స్థితినే. మూర్ఛ వచ్చినప్పుడు మెదడు పని ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు నాడీకణాలు గుంపులు గుంపులుగా, అన్నీ ఒక్కసారే, అదుపు లేకుండా పనిచేస్తూ వుంటాయి.

అటువంటిది మనకు నిత్యం జరగటం లేదంటే, మెదడులో ఆపేవాళ్ళు కూడా వున్నారన్న మాట. మెదడు పైపొరను తీసుకుంటే, అందులో దాదాపు ప్రతి అయిదు నాడీకణాల్లో ఒకటి ఇతర కణాలను ప్రేరేపించేది కాదు, నిరోధించేది.

నిరోధం అంటే ఏమిటో మీ చేతినే అడిగి తెలుసుకోవచ్చు. మోచెయ్యి మడవండి. జబ్బ ముందు భాగంలో కండ బిగుస్తుంది. అదే సమయంలో వెనకవైపు కండను రెండో చేత్తో తాకి చూడండి, అది వదులుగా వుంటుంది. రెండు కండలూ ఒకేసారి బిగిస్తే చెయ్యి కదలనే కదలదు కదా! ముందు కండను ‘బిగించు’ అనే ఆజ్ఞతో పాటు, వెనక కండను నడిపే నాడీకణాలకు ‘మీరు వూరుకోండి’ అనే ఆజ్ఞ కూడా వెన్నుపాములో పుడుతుంది. ఈ రెండో ఆజ్ఞ మొదటిదానికి లోటు కాదనీ, అది కూడా స్వయంగా ఒక పనేననీ నిరూపించినవారు ఇంగ్లండుకు చెందిన చార్లెస్ షెరింగ్టన్. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఆజ్ఞను మోసుకుపోయే రసాయనం ఏమిటన్నది మాత్రం అప్పటికి తెలియదు. 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ మెదడు కణజాలాన్ని పరీక్షిస్తూ వుండగా గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం అనే పదార్థం విరివిగా కనిపించింది. ఇంత పొడుగు పేరు ఎవరూ పలకరు. అందరూ ‘గాబా’ అంటారు. దీనిలో పెద్ద తమాషా వుంది. మెదడులో ప్రేరేపించే రసాయనాల్లో ముఖ్యమైనది గ్లుటమేట్. ఆ గ్లుటమేట్ అణువు నుంచి ఒక చిన్న ముక్కను కత్తిరించివేస్తే మిగిలేదే గాబా! అంటే, ఉసిగొలిపే పదార్థం నుంచే మెదడు శాంతింపజేసే పదార్థాన్ని తయారు చేసుకుంటున్నది.

ఈ కత్తిరింపు జరగటానికి బి-6 విటమిన్ కావాలి. 1950ల మొదట్లో అమెరికాలో కొందరు పసిపిల్లలకు కారణం తెలియకుండా ఫిట్స్ వచ్చాయి. విచారించగా వాళ్ళందరూ ఒకే రకం డబ్బాపాలు తాగుతున్నారని తేలింది. ఆ పాలను తయారీలో బాగా వేడిచేసినందువల్ల బి-6 నశించిపోయింది. ఆ విటమిన్ ఇవ్వగానే పిల్లలు కోలుకున్నారు. వాళ్ళ మెదడులో జాకెట్ నీళ్ళు ఇంకిపోయాయన్న మాట.

గాబా ఒక కణం నుంచి వెలువడి పక్క కణాన్ని చేరుతుంది. అక్కడ దాన్ని అందుకునే ప్రోటీను పేరు గ్రాహకం. పుస్తకాల్లో గ్రాహకాన్ని తాళంతోనూ, రసాయనాన్ని తాళంచెవితోనూ పోలుస్తారు. నాకు చెరువు తూము పోలిక ఇంకా బాగుంటుందనిపిస్తుంది. గాబా-ఏ అనే గ్రాహకంలో అయిదు ప్రోటీను ముక్కలు పూరేకుల్లాగా గుండ్రంగా అమరి వుంటాయి. మధ్యలో సన్నని దారి. గాబా అణువులు వచ్చి రేకుల సందుల్లో కూర్చోగానే ఆ దారి తెరుచుకుని, సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కపెట్టేటంత కొద్ది సేపు వుండి, మళ్ళీ మూసుకుంటుంది. ఆ కాస్త సేపట్లో క్లోరైడ్ అయాన్లు కణంలోకి జారుకుంటాయి. ఉప్పులో సోడియంతో కలిసి వుండే క్లోరైడే ఇది, దానికి రుణ విద్యుదావేశం వుంటుంది.

ఊరికే వున్న నాడీకణం లోపలిభాగం, బయటితో పోలిస్తే, సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశంలో వుంటుంది. ఇది 55 దాకా తగ్గితేనే కణం ‘పేలుతుంది’, అంటే సంకేతం పంపుతుంది. ప్రేరేపించే కణాలు దీన్ని ఆ గడప వైపు తోస్తూ వుంటే, లోపలికి వచ్చిన క్లోరైడ్ వెనక్కి లాగుతుంది. వేల కణాలు ‘కానీ’ అనీ, మరికొన్ని ‘వద్దు’ అనీ చెబుతూ వుండగా, నాడీకణం ఆ రెంటినీ కూడి తీసివేసి ఒక నిర్ణయానికి వస్తుంది. ‘వద్దు’ అనే గొంతులు లేకపోతే నిర్ణయం అనేదే వుండదు. హైటెక్ సిటీ గాజు భవనాల్లో ఇంజనీర్లు కంప్యూటర్లో కట్టే కృత్రిమ నాడీజాలాలలో కూడా కొన్ని లంకెలకు ధన సంఖ్యలూ, కొన్నింటికి రుణ సంఖ్యలూ వుంటాయి. రుణ సంఖ్యలు తీసిపారేస్తే వాళ్ళ యంత్రానికి కూడా మతి పోతుంది.

ఈ తూముల విలువ మనవాళ్ళకు శాస్త్రం పుట్టకముందే ఒక విధంగా తెలుసు. విషాల ద్వారా తెలుసు. మన అడవుల్లో ముషిణి చెట్టు వుంది. దాని గింజల్లో స్ట్రిక్నిన్ అనే విషం వుంటుంది. వెన్నుపాములో గాబాతో పాటు గ్లైసీన్ అనే మరో నిరోధక రసాయనం పనిచేస్తుంది. స్ట్రిక్నిన్ ఈ గ్లైసీన్ గ్రాహకాలను మూసివేస్తుంది. అప్పుడు చిన్న చప్పుడైనా సరే ఒళ్ళంతా కొయ్యబారుతుంది. చేపలకు మత్తెక్కించి పట్టటానికి వాడే కాకమారి కాయల్లోని విషం గాబా-ఏ గ్రాహకం దారికే అడ్డుపడుతుంది. దాని ఫలితం కూడా మూర్ఛే. ఇక ధనుర్వాతం సంగతి మీకు తెలుసు. ఆ సూక్ష్మజీవి విషం గ్రాహకాల జోలికి పోదు. గాబా, గ్లైసీన్ అసలు వెలువడకుండానే చేస్తుంది. వీపు కండలన్నీ ఒకేసారి బిగుసుకుని ఒళ్ళు విల్లులాగా వంగిపోతుంది. ధనుస్సులాగా వంచే వాతం కనుక ధనుర్వాతం అన్నారు. 10వ ఏటా, 16వ ఏటా మీకు వేసే టీడీ టీకా దీని నుంచి కూడా కాపాడటానికే.

ఇవన్నీ తూములు మూసుకుపోతే వచ్చే ముప్పులు. మరి తూములు మరీ ఎక్కువగా తెరుచుకుంటే?

1960లో క్లోర్డయజిపాక్సైడ్, 1963లో డయజిపాం అనే మందులు బజారులోకి వచ్చాయి. రెండూ స్విట్జర్లాండుకు చెందిన రోష్ కంపెనీలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ కృషి ఫలితం. ఆందోళన తగ్గుతుంది, నిద్ర వస్తుంది, ఫిట్స్ ఆగుతాయి. ఎందుకు ఆగుతాయో చాలాకాలం తెలియలేదు. 1977లో ఈ మందులు మెదడులో నిర్దిష్టమైన చోట్ల పట్టుకుంటాయని రుజువైంది. ఆ చోటు గాబా-ఏ గ్రాహకంలోనే, గాబా కూర్చునే సందు కాక మరొక సందులో వుంది. మందు తనంతట తాను తూము తెరవదు. గాబా వచ్చినప్పుడు తూము మరిన్నిసార్లు తెరుచుకునేటట్టు చేస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన అల్ప్రజోలం 1981లో అమెరికాలో అనుమతి పొందింది. డాక్టరు చూసి, తగిన రోగికి, తగినన్ని రోజులు ఇచ్చినప్పుడు ఇది మంచి మందే. సామాన్యంగా ఒక మాత్రలో వుండేది పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో.

ఇక్కడ మళ్ళీ మన ప్రాంతానికి రావాలి. తెలంగాణలో కల్లు తాగటం పాత అలవాటు. పండగకూ, చుట్టం వచ్చినప్పుడూ, పొలం పని ముగిసినప్పుడూ తాగుతారు. గీత కార్మికులు ప్రాణాలకు తెగించి చెట్టెక్కి దింపే తాటికల్లు, ఈతకల్లు గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. చెట్లు తక్కువై, తాగేవాళ్ళు ఎక్కువైన చోట, ముఖ్యంగా పట్టణాల్లో, కొందరు వ్యాపారులు నీళ్ళూ, సాకరిన్ వంటివీ కలిపి తెల్లని ద్రవం ఒకటి తయారుచేసి, దానికి మత్తు రావటానికి మందు కలుపుతారు. చాలాకాలం క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తర్వాత డయజిపాం కలిపారు. ఆ తర్వాత అల్ప్రజోలం వచ్చింది. ఈ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రసాయనికంగా మొదటిదానికీ మిగతా రెంటికీ పోలికే లేదు. కాని మూడూ వెళ్ళి పట్టుకునేది గాబా-ఏ తూమునే! కల్లులోని ఆల్కహాల్ కూడా అదే తూమును వదులు చేస్తుంది. కల్తీ చేసేవాడు ఏ పుస్తకమూ చదవకుండానే, డబ్బు వాసన పట్టుకుని, ఒకే గ్రాహకం చుట్టూ తిరిగాడు.

రోజూ ఇటువంటి ద్రవం తాగేవాడి మెదడు వూరికే కూర్చోదు. బయటి నుంచి నిరోధం అతిగా వచ్చి పడుతున్నది గదా అని అది సర్దుకుంటుంది. గాబా గ్రాహకాలు మందుకు అంతగా పలకటం మానివేస్తాయి. ప్రేరేపించే వైపు, అంటే గ్లుటమేట్ వైపు, బలం పెరుగుతుంది. నిన్న ఒక సీసాతో వచ్చిన మత్తు రేపు రెండు సీసాలకు గాని రాదు. కొన్నాళ్ళకు మనిషి తాగేది మత్తు కోసం కాదు, మామూలుగా వుండటం కోసం. అటువంటి మనిషికి సరుకు హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. రియాక్టర్ మంచి వేడి మీద వుండగా జాకెట్ నీళ్ళు కట్టివేసినట్టవుతుంది.

2015లో తెలంగాణలో ఇది కళ్ళారా కనిపించింది. ఆ సంవత్సరం ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అనేక చోట్ల మందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయింది. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికీ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జనం బారులు తీరారు. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, లేనివి కనిపిస్తున్నాయి, ఫిట్స్ వస్తున్నాయి. కొందరు చనిపోయారని కూడా పత్రికల్లో వచ్చింది. ‘కల్లు లేక పిచ్చెక్కింది’ అని నవ్వినవాళ్ళు వున్నారు.

నవ్వటం అన్యాయం అంటాను నేను. వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్నది కల్లు. అల్ప్రజోలం కావాలని ఎవరూ అడగలేదు; అందులో అది వుందని ఎవరూ చెప్పలేదు. వాళ్ళ చేతులు వణికింది మనోబలం లేక కాదు. మెదడులో కోట్లకొద్దీ తూములు చాలినంతగా పలకక వణికాయి. మధుమేహం వున్నవాడికి ఇన్సులిన్ ఆగిపోతే ఎవరైనా నవ్వుతారా? కల్తీని అరికట్టటం తప్పనిసరి. అందులో రెండో మాట లేదు. కాని దుకాణానికి తాళం వేసే రోజునే ఆ వూళ్ళో డాక్టరూ, మందులూ సిద్ధంగా వుండకపోతే ఆ పని సగం చేసినట్టే లెక్క. శిక్ష పడవలసింది కలిపినవాడికి గాని, తాగినవాడి మెదడుకు కాదు.

‘ఆ మందుకు విరుగుడు ఇచ్చి ఒక్క దెబ్బతో వదిలించకూడదా?’ అని మీలో ఎవరైనా అడగవచ్చు. విరుగుడు వుంది. దాని పేరు ఫ్లూమజెనిల్. గ్రాహకంలో అల్ప్రజోలం కూర్చునే సందులో నుంచి దాన్ని తోసివేసి తాను కూర్చుంటుంది. కాని చాలాకాలంగా అలవాటు పడినవాడికి దాన్ని ఇస్తే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టర్లు దాన్ని ఆచితూచి వాడతారు.

ఈ సమస్య పాతబడిపోలేదు. 2025 జూలైలో జీడిమెట్లకు చేరువలోనే వున్న కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. నమూనాల్లో అల్ప్రజోలం వున్నట్టు పరీక్షల్లో తేలింది. వాళ్ళలో కనిపించిన వాంతులూ, విరేచనాలూ, మూత్రపిండాల దెబ్బా అల్ప్రజోలం ఒక్కదాని లక్షణాలు కావు. కల్లు పేరుతో ఇంకా ఏమేమి తాగించారో అన్న అనుమానం రాక తప్పదు. అదే సంవత్సరం సెప్టెంబరులో, జీడిమెట్లకు ఇంకోపక్క వున్న బోయిన్‌పల్లిలో, పిల్లలు చదువుకునే ఒక ప్రైవేటు బడి భవనంలోనే కొన్ని గదుల్లో దొంగచాటుగా అల్ప్రజోలం తయారుచేస్తూ వుండగా పోలీసులు పట్టుకున్నారు. ఆ సరుకు కల్లు దుకాణాలకు పోతున్నదని వాళ్ళు చెప్పారు. పైన కిటికీలో రియాక్టర్, కింద పలకా బలపం!

మందుల రసాయనశాస్త్రం మన దగ్గర ఇంతగా పాతుకుపోవటానికి ఒక చరిత్ర వుంది. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వరంగంలో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం వెలిసింది. డాక్టర్ కె. అంజిరెడ్డి వంటివారు మొదట అక్కడ పనిచేసి, ఆ తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. జీడిమెట్లలో మందుల యూనిట్లు వరసగా లేచాయి. దేశానికీ, ప్రపంచానికీ ఇక్కడి నుంచి మందులు పోతున్నాయి. ఇది గర్వించదగిన సంగతే. ఆ నైపుణ్యాన్నే కొందరు చీకట్లోకి తీసుకుపోయారు. అల్ప్రజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. మందుల దుకాణంవాడు చీటీ లేనిదే ఇవ్వకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి. ఇంత పట్టింపు ఎందుకో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. ఒక కిలో అల్ప్రజోలంతో పావు మిల్లీగ్రాము మాత్రలు ఎన్ని వస్తాయి? 40 లక్షలు! ఒక కిలో చక్కెర పొట్లమంత సంచిలో 40 లక్షల మోతాదులు పడతాయి. దాన్ని కొలిచేది సున్నితమైన ప్రయోగశాల త్రాసు కాదు, కల్లు కుండ దగ్గర నిలబడినవాడి చెంచా. ఒక సీసాలో ఏమీ వుండకపోవచ్చు, పక్క సీసాలో మనిషి వూపిరి మందగించేటంత వుండవచ్చు.

కనుక జీడిమెట్లలోనో, నిజామాబాద్‌లోనో చదివే తొమ్మిదో తరగతి పిల్లకు గాబా గ్రాహకం గురించి తెలియటం విడ్డూరమేమీ కాదు. ఆ వూళ్ళలో అది అవసరమైన చదువు. ఇంట్లో తాతయ్యకు కల్లు దొరకని రెండో రోజున చేతులు వణికి, చెమటలు పట్టి, ఏదేదో మాట్లాడుతూ వుంటే ఆ పిల్ల ‘అదే తగ్గుతుందిలే’ అనకుండా, ‘తాతయ్యను ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకుపోదాం నాన్నా’ అనగలగాలి. ఏళ్ళ తరబడి నిద్రమాత్రలు మింగుతున్న అమ్మమ్మ, ఎవరో చెప్పారని ఒక్కరోజులో మానేస్తానంటే, డాక్టరును అడగందే వద్దని ఆపగలగాలి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416 నంబరుకు ఫోను చేస్తే, టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవలో వున్నవారు తెలుగులోనే మాట్లాడతారు.

ఆసుపత్రిలో చేసేది వినటానికి చాలా మామూలుగా వుంటుంది. అల్ప్రజోలం ఒంట్లో త్వరగా తరిగిపోతుంది. సుమారు 11 గంటల్లో సగమవుతుంది. డయజిపాం రోజుల తరబడి నిలుస్తుంది. అందువల్ల డాక్టర్లు సాధారణంగా డయజిపాం వంటి దానికి మార్చి, ఆ తర్వాత దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతారు. ఒక మెట్టు దిగి, కొన్నాళ్ళు ఆగి, గ్రాహకాలు మళ్ళీ గాబాకు అలవాటు పడినాయా లేదా అని చూసి, ఇంకో మెట్టు దిగుతారు. కొందరికి దీనికి కొన్ని వారాలు పడుతుంది, కొందరికి నెలలు.